లాడ్ బజార్ లెక్క: చేతిపని నగరంలో ఎక్కడ బతుకుతుంది?

హైదరాబాద్‌లో చేతిపనుల ఊసెత్తితే రెండు చోట్లు గుర్తొస్తాయి. ఒకటి మాదాపూర్‌లోని శిల్పారామం. చుట్టూ ఇంకా ఐటీ భవనాలు లేని కాలంలో, 1992లో, సుమారు 65 ఎకరాల్లో ప్రభుత్వం వేసిన కళాగ్రామం. రెండోది చార్మినార్‌కు పడమటి వైపు మొదలయ్యే లాడ్ బజార్, లక్క గాజులకు పేరుపడ్డ వీధి. మొదటిదానికి టికెట్టు ఉంది, చెట్ల నీడ ఉంది, పల్లె బతుకును చూపించే నిలువెత్తు మట్టి మనుషులున్నారు. రెండోచోట ఇరుకు, రద్దీ, బేరం. అయినా ఇంట్లో పెళ్లి కుదిరితే ఆడవాళ్లు బయల్దేరేది లాడ్ బజార్‌కే. పెళ్లి కుదిరిందని శిల్పారామానికి పరుగెత్తేవాళ్లు కనిపించరు.

దీన్ని పాతబస్తీ మోజు అని కొట్టేయడానికి లేదు. ఒక చేతిపని నిలవడానికి, ఇంకొకటి పోవడానికి కారణం చాలామట్టుకు ఇక్కడే దొరుకుతుంది. కొనేవాళ్లు వస్తువును మెచ్చి కొంటున్నారా, లేక అది లేకపోతే పని జరగదని కొంటున్నారా? మెచ్చుకోలు మంచిదే. కానీ గోడకు ఒక బొమ్మ తగిలించాక రెండోది కొనడానికి ఇంకో గోడ ఖాళీగా ఉండాలి. అవసరమన్నది మళ్లీ మళ్లీ వస్తుంది. మన ప్రభుత్వాల హస్తకళల విధానం మాత్రం దాదాపు మొత్తం మెచ్చుకోలు మీదే నడుస్తోంది: ఎంపోరియం, మేళా, అవార్డు, జ్ఞాపిక, అతిథులకు కానుక.

అంగుళంలో ఎనిమిదో వంతు

లక్క అంటే మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మలను పట్టి బతికే చిన్న పురుగు తన చుట్టూ కట్టుకునే జిగురు గూడు. మన దేశంలో ఎక్కువ భాగం ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి వస్తుంది. దాని మీద పరిశోధనకు రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924లోనే ఒక సంస్థ వెలిసింది. అడవి సరుకు కాబట్టి దిగుబడి, దానితోపాటు ధర, ఏడాదికో తీరుగా ఉంటాయి. ఆ దెబ్బ ముందు తగిలేది పాతబస్తీలో భట్టీ ముందు కూర్చున్న కారీగర్‌కే, అంటే చేతిపనివాడికే.

భట్టీ అంటే పెద్ద కొలిమి అనుకోనక్కర్లేదు. బొగ్గుల కుంపటి, దాని మీద ఇనుప రేకు, అంతే. కర్ర చివర లక్క ముద్ద అంటించి సెగకు తిప్పుతూ ఉంటారు. సుమారు 70 డిగ్రీల దగ్గర లక్క మెత్తబడుతుంది. అంటే వేళ్లు ఓర్చుకోగలిగిన వేడికి కాస్త పైన. లోపలి ముద్ద మీద రంగు లక్కను పూతగా ఎక్కించి, చెక్కతో దొర్లించి సన్నటి కడ్డీ తీస్తారు. దాన్ని కొలత ప్రకారం కోసి, చివరలు కలిపి, నున్నటి కర్ర అచ్చుకు ఎక్కించి గుండ్రం తెప్పిస్తారు. కొన్ని రకాల్లో లోపల సన్నటి లోహపు కడియం ఉంటుంది, లక్క దాని మీద పడుతుంది.

ఇక్కడికి సగం పని. మిగతా సగం పొదగడం. గాజును మళ్లీ వెచ్చచేసి, మెత్తబడిన చోట రాళ్లు, అద్దం ముక్కలు, పూసలు ఒక్కొక్కటే అద్దుతారు. లక్క చల్లబడితే రాయి పట్టదు, మరీ వేడెక్కితే లోపలికి మునిగిపోతుంది. ఆ రెంటి నడుమ దొరికే కొద్ది సేపట్లో వరస తప్పకుండా పెట్టుకుంటూ పోవాలి. భట్టీ పని ఎక్కువగా మగవాళ్లది, పొదిగే పని ఎక్కువగా ఆడవాళ్లది. అది కూడా కొట్లో కాదు, ఇళ్లలో, వంటకూ పిల్లల బడికీ మధ్య మిగిలిన గంటల్లో.

గాజుల కొలతలు తెలుగు ఇళ్లలో అందరికీ నోటికొచ్చినవే. టూ-ఫోర్, టూ-సిక్స్, టూ-ఎయిట్. రెండంగుళాల మీద పదహారో వంతులు ఎన్ని అనేదే ఆ రెండో అంకె. టూ-ఫోర్ అంటే రెండుంపావు అంగుళాలు. దానికీ టూ-సిక్స్‌కూ తేడా అంగుళంలో ఎనిమిదో వంతు. ఫ్యాక్టరీ సరుకు ఆ ఎనిమిదో వంతు దగ్గర చేతులెత్తేస్తుంది. మనిషి చెయ్యి రెండు సైజుల మధ్య పడిందంటే, మట్టిగాజులైతే సబ్బు నురగతో తంటాలు పడాలి, లేదా వదులుగా వేలాడేవి వేసుకోవాలి. లక్క గాజును అక్కడికక్కడ వెచ్చచేసి, తెంపి, కాస్త తగ్గించో పెంచో మళ్లీ అతికిస్తారు. ఊడిన రాయిని తిరిగి పెడతారు. చీర కొంగు చూపిస్తే ఆ రంగుకు దగ్గరగా కలిపి చూపిస్తారు.

ఫిరోజాబాద్ నుంచి లారీల్లో దిగే మట్టిగాజులు ఇదే బజార్లో పక్క కొట్లోనే దొరుకుతాయి. ధరలో లక్క గాజు వాటికి సాటి రాదు. మెరుపులోనైతే ఇప్పుడొచ్చే ప్లాస్టిక్ రకాలు దూరం నుంచి చూసేవాళ్లను బాగానే మోసం చేస్తాయి. ఈ పోటీలో కూడా లక్క గాజు నిలిచిందంటే, కొనుక్కునేవాళ్లు వస్తువుతోపాటు ఆ సర్దుబాటుకు కూడా డబ్బిస్తున్నారు కాబట్టే. ఆ సర్దుబాటు ఆన్‌లైన్‌లో దొరకదు. చెయ్యి ఇక్కడ ఉండాలి, నిప్పు నాలుగడుగుల దూరంలో ఉండాలి. రాళ్లు అమ్మే కొట్టు, రంగులు అమ్మే కొట్టు, అట్టపెట్టెలు చేసేవాడు అదే సందులో ఉండాలి. బజారు అనేది నిజానికి ఈ దగ్గరితనం పేరే.

దీనికి తోడు బజారుకు ఏడాది పొడవునా తిథులున్నాయి. ముస్లిం ఇళ్లలో పెళ్లికూతురికి లక్క జోడాలు పెట్టకుండా సంబరం పూర్తికాదు. రంజాన్ నెలలో తెల్లవారుజాము దాకా దీపాలు ఆరవు. హిందువుల ఇళ్లలో శ్రావణం, సీమంతం, పెళ్లికి ముందు గాజులు వేయించే వేడుక, ప్రతిదానికీ ఒక సెట్టు కావాలి. చేసేవాళ్లలో ఎక్కువమంది ముస్లింలు, కొనేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. పాతబస్తీలో ఉద్రిక్తత వచ్చి నాలుగు రోజులు షట్టర్లు దిగితే నష్టం ఇరువైపులా లెక్కకొస్తుంది. సామరస్యం గురించి ఉపన్యాసాలు చెప్పేవాళ్లు ఈ లెక్కను కాస్త పట్టించుకుంటే బాగుండును.

2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ, వచ్చింది. 2010లో హైదరాబాద్ హలీంకు వచ్చినట్టే. సంతోషించదగ్గ మాటే గానీ, జీఐ చేసేదేమిటో తెలుసుకుని సంతోషించాలి. అది పేరును కాపాడుతుంది. వేరే చోట చేసిన సరుకును హైదరాబాద్ లక్క గాజులని అమ్మితే కోర్టుకు వెళ్లే హక్కు ఇస్తుంది. ఆ పేరు వాడుకునే హక్కు నమోదైన వాడుకదారులకే ఉంటుంది. పక్క కొట్లో ప్లాస్టిక్ గాజును పేరేమీ పెట్టకుండా అమ్మితే జీఐ చేయగలిగింది సున్నా. కొలిమి ముందు కూర్చున్నవాడి కూలిని అది ఒక్క రూపాయి కూడా పెంచదు.

పటం చుట్టేశాక

దీనికి ఎదురు ఉదాహరణ చేర్యాల. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న ఈ ఊరి నకాషీలు, అంటే బొమ్మలు రాసేవాళ్లు, వేసే పటాలు ఒకప్పుడు ఎవరి గోడకూ తగిలించేవి కావు. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవు ఉన్న బట్ట. గంజి, తెల్ల సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఆరబెట్టి, ఎర్రటి నేపథ్యం మీద అడ్డపట్టీలుగా కథ మొత్తం రాసేవాళ్లు. ఆ పటాన్ని చుట్ట విప్పుతూ కథ చెప్పేవాళ్లు వేరే. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవాళ్లు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు. ఒక్కో కులానికి దాన్ని ఆశ్రయించిన ఒక కథకుల కులం, ఆ కథకులకు పటం రాసిచ్చే నకాషీ. పటం పాతబడితే దాన్ని నీళ్లలో వదిలేసి కొత్తది రాయించుకునేవాళ్లు. పాతది పోవాలి, కొత్తది రావాలి. ఆర్డరు ఎప్పటికీ ఆగకుండా ఉండే ఏర్పాటు అది.

కులవృత్తులు చెదిరి, జనం పట్నాలకు తరలి, సాయంత్రాలు టీవీ చేతిలోకి పోయాక, కథకుడికి రావలసిన త్యాగం, అంటే ఆ కులంవాళ్లు ఇచ్చే కానుక, రావడం తగ్గింది. కథకుడికి రాబడి లేకపోతే కొత్త పటం ఎవరు రాయిస్తారు? ఈ గొలుసులో తెగింది కథ చెప్పించుకునే కుదురు. దెబ్బ తగిలింది కుంచె పట్టినవాడికి. ఆ తర్వాత చేర్యాలను నిలబెట్టింది ఎంపోరియాలు, మేళాలు, జీఐ, హైదరాబాద్ హోటళ్ల గోడలు. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేవి చిన్న ఫ్రేములు, కొబ్బరి చిప్పల మీద, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో చేసే ముఖాల బొమ్మలు, తాళంచెవుల గొలుసులు.

ఇది చావు కాదు. నకాషీ ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది, కొత్తగా నేర్చుకునేవాళ్లూ ఉన్నారు. అయితే పని స్వభావమే మారిపోయింది. యాభై అడుగుల కథలో ఏ ఘట్టం తర్వాత ఏది రావాలో కంఠస్థంగా తెలిసిన మనిషి, ఇప్పుడు అపరిచితులకు నచ్చే ఒక్క దృశ్యాన్ని మళ్లీ మళ్లీ వేస్తున్నాడు. కల్లు గీసే గౌడు, బతుకమ్మ ఆడే ఆడవాళ్లు, ఎడ్లబండి. బేరగాడు కథ తెలిసినవాడైతే తప్పు రాస్తే నిలదీస్తాడు. విమానాశ్రయం కొట్లో కొనేవాడు నిలదీయడు. నిలదీసే కొనుగోలుదారు పోవడం చేతిపనికి జరిగే నష్టాల్లో పెద్దది. దాన్ని ఏ నివేదికలోనూ లెక్కగట్టరు.

తెల్ల పొగ

ఏ హస్తకళల మేళాలోనూ స్టాలు దొరకని పని ఒకటుంది. కళాయి వేయడం. ఇత్తడి, రాగి గిన్నెల్లో పులుపు తగిలితే చిలుము పడుతుంది. చింతపండు చారు, పులుసు కాచే ఇళ్లలో ఇది రోజువారీ చిక్కు. అందుకని గిన్నె లోపలి వైపు తగరం పూత పూయాలి. అది అరిగిపోతూ ఉంటుంది కాబట్టి ఏడాదికోసారో రెండుసార్లో మళ్లీ పూయించాలి. ‘కళాయి పూస్తాం’ అని కేకేస్తూ వీధిలోకి వచ్చే మనిషి, చెట్టు కింద చిన్న గుంట, తోలు తిత్తి, చుట్టూ చేరిన పిల్లలు. నలభై దాటిన చాలామంది తెలుగువాళ్లకు ఇది కళ్లకు కట్టినట్టుంటుంది.

పని మొత్తం నిమిషాల్లో జరిగిపోతుంది. గిన్నెను చింతపండు, ఇసుకతో గీకి తోమి, బొగ్గుల మీద బోర్లించి తిప్పుతూ కాలుస్తారు. తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది, గిన్నె దాన్ని దాటిందో లేదో రంగు చూసి పట్టేస్తారు. తగరం కడ్డీని లోపల రెండు మూడు చోట్ల తాకించి, నవాసారం పొడి చల్లి, దూది ఉండతో ఒక్క చుట్టు చుడతారు. గుప్పున తెల్ల పొగ లేస్తుంది, దాని వెనకే గిన్నె లోపల వెండిలా వెలుగు పాకుతుంది. నవాసారం పని లోహం మీది మురికి పొరను తినేసి తగరం పట్టుకునేలా చేయడం. అది తక్కువైతే పూత మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఎక్కువైతే పొగ మనిషిని తినేస్తుంది, ముసుగు లేకుండా ఏళ్ల తరబడి పీల్చేవాళ్ల ఊపిరితిత్తుల గురించి ఎవరూ అడగరు.

స్టీలు గిన్నెలు వంటింట్లోకి వచ్చాక ఈ పని కాళ్ల కింద నేల కదిలిపోయింది. స్టీలుకు కళాయి అక్కర్లేదు. వీధిలో కేక ఆగిపోయింది. కానీ పని పూర్తిగా పోలేదు. దాన్ని నిలబెట్టింది హైదరాబాద్‌లో బిర్యానీ వండే పెద్ద రాగి దేగ్‌లు. ఫంక్షన్ హాలు వంటవాళ్లు, హోటళ్లు, దేగ్‌లు అద్దెకిచ్చేవాళ్లు ఈ పనికి కట్టుబడి ఉన్న గిరాకీ. వందలమందికి వండే పాత్రలో కళాయి పోయిందంటే పెరుగు, నిమ్మరసం తగిలిన మాంసం రంగూ రుచీ మారిపోతాయి, ఇక మాట పోతుంది. ఇప్పుడు మళ్లీ ఇత్తడి గిన్నెల మోజు వచ్చింది. యూట్యూబ్ చూసి, అమ్మమ్మ అటక మీద పెట్టిన గుండిగలు దించుకుని, కళాయి వేసే మనిషి కోసం వెతుకుతున్నారు. కొందరు ఇంటికే వచ్చి వేసిపెడుతున్నారు, ఫోన్ నంబరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. తిత్తి పోయి చిన్న కరెంటు బ్లోయరు వచ్చింది. దీన్ని సంప్రదాయం చెడిందని ఎవరూ బాధపడలేదు, అది మంచి సంగతే.

ఈ మోజు ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. కానీ ఫంక్షన్ హాలు దేగ్ మోజు మీద ఆధారపడింది కాదు. చేతిపని ముందు వరసలో నిలబడి చప్పట్లు కొట్టించుకోనక్కర్లేదు. ఒక పెద్ద పనిలో తప్పించలేని చిన్న భాగమైతే చాలు.

కుమ్మరి ఇంటికి బాజాతో

తెలంగాణ పెళ్లిళ్లలో ఐరేని కుండల వేడుక ఉంది. మేళతాళాలతో కుమ్మరి ఇంటికి వెళ్లి, బియ్యం, రవికగుడ్డ, కట్నం ఇచ్చి, రంగులు పూసిన కుండలను నెత్తిన పెట్టుకుని ఊరేగింపుగా తెచ్చుకోవాలి. కోస్తాలో దీన్నే అరివేణి అంటారు. ఇక్కడ వస్తువు ఎంత ముఖ్యమో, దాన్ని ఎవరి ఇంటి నుంచి తెచ్చారన్నదీ అంతే ముఖ్యం. నగరంలో ఆ రెండోది పోయింది. పెళ్లి సామాను కొట్లో పసుపు కొమ్ములు, బాసికాలు, కుండల సెట్టు ఒకే సంచిలో ఇస్తారు. కుండ మిగిలింది, కుమ్మరి ఇంటి గడప మాయమైంది. అయినా సెట్టు కొట్టుకు సరఫరా చేసేది ఎక్కడో ఒక కుమ్మరి కుటుంబమే కాబట్టి రాబడి సగమైనా అందుతోంది. పాత ఏర్పాటులో ఉన్న పరువు ఒక్కటే దారిలో రాలిపోయింది. పాత ఏర్పాటులో ఉన్న కులం కట్టుబాట్లనూ తలచుకుంటే, అందరూ ఆ గడపకోసం కన్నీళ్లు పెట్టుకుంటారని అనుకోలేం.

ఆషాఢంలో గోల్కొండ జగదంబతో మొదలై సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, లాల్ దర్వాజ దాకా సాగే బోనాలు కుండకు మరో పెద్ద గిరాకీ కావలసింది. 2014లో రాష్ట్ర పండగైంది, జనం పెరిగారు. కానీ మట్టి బోనం తలల మీద తగ్గుతూ, ఇత్తడి, స్టీలు బోనాలు పెరుగుతూ వచ్చాయి. ఇత్తడిది ఏటా కొననక్కర్లేదు, పగలదు, ఫొటోలో మెరుస్తుంది. పండగ ఎంత పెద్దదైతే చేతిపనికి అంత మేలు అన్న ఊహ ఇక్కడ తప్పింది. పాతది పోవాలి, కొత్తది రావాలి అన్న నియమం వదులైతే పండగ వైభవం కుమ్మరి దాకా చేరదు.

వినాయక చవితిది ఇంకో చిక్కు. ధూల్‌పేటలో లోధ్ కుటుంబాలు చేసే పెద్ద విగ్రహాలు చాలాకాలంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌వే. దీన్ని అత్యాశ అని తిట్టేముందు వాతావరణం చూడాలి. భాద్రపదానికి ముందు నెలలన్నీ వానలు. పదడుగుల మట్టి విగ్రహం నెమ్మదిగా ఆరాలి, ఆరేటప్పుడు కుంచించుకుని పగుళ్లిస్తుంది, లోపల గడ్డి కట్టుబడి సరిగ్గా లేకపోతే కూలుతుంది. ప్లాస్టర్ అచ్చులో పోస్తే కాసేపట్లో గట్టిపడుతుంది, బరువు తక్కువ, లారీలో దూరాలకు పోతుంది. కాలుష్య నియంత్రణ కేంద్ర మండలి 2020లో ప్లాస్టర్ విగ్రహాలు వద్దని మార్గదర్శకాలిచ్చింది, 2021లో హుస్సేన్‌సాగర్‌లో వాటిని కలపవద్దని తెలంగాణ హైకోర్టు చెప్పింది. 1954 నుంచి వినాయకుణ్ని నిలుపుతున్న ఖైరతాబాద్‌లో 2022లో మొదటిసారి 50 అడుగుల విగ్రహాన్ని మట్టితో చేశారు. పెద్ద మండపానికి అది సాధ్యం. గల్లీ మండపాలకు సరఫరా చేసే చిన్న కార్ఖానాకు ఆరబెట్టే జాగా ఎక్కడిది? మట్టి చేయమని శాసించడం సులువు. వానకు తడవని కప్పు ఇవ్వడం ఖర్చు. నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ ఏటా ఇళ్లలో పూజకు చిన్న మట్టి గణపతులను ఉచితంగా పంచుతోంది. కుమ్మరులకు అందే సాయంలో ఇలాంటిదే మేలైనది, ఎందుకంటే అది ఆర్డరు.

కృష్ణా తీరాన ఇదే నియమం కొండపల్లిలో కనిపిస్తుంది. దశావతారాలు, ఏనుగు అంబారీ, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, ఇవన్నీ దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు పెట్టే ఇళ్లు ఉన్నంతకాలం ఏటా ఒక్కొక్కటి చేరుతూ వచ్చాయి. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో కొలువులు పెట్టడం మొదలయ్యాక అక్కడికీ పెట్టెలు పోతున్నాయి. ఇక్కడ గిరాకీ కన్నా కొరత ఎక్కువ బాధిస్తోంది. బొమ్మకు కావలసిన తేలికపాటి తెల్లపొణికి కర్ర చుట్టుపక్కల కొండల్లో అరుదైపోయింది.

జాగా, పొగ, కాగితం

ముడిసరుకు ప్రశ్న నగరంలో ఇంకా పదునెక్కుతుంది. కుమ్మరికి మట్టి చెరువులోంచి వచ్చేది. హైదరాబాద్‌లో చెరువులు కాలనీలయ్యాయి. ఇప్పుడు మట్టి లారీలో వస్తుంది, దాని ఖర్చు కుండ ధరలో చేరుతుంది. చేతిపని కాపాడాలనే కమిటీల్లో చెరువుల మాట వినిపించదు, చెరువుల కమిటీల్లో కుమ్మరి మాట వినిపించదు.

రెండోది పొగ, నిప్పు. భట్టీ, కళాయి గుంట, అచ్చు ఆరబెట్టే వసారా, ఇవన్నీ ఇళ్ల మధ్యనే పెరిగినవి. 2025 మే 13న మిస్ వరల్డ్ పోటీకి వచ్చినవాళ్లు చార్మినార్ చుట్టూ తిరిగి లాడ్ బజార్లో గాజులు వేసుకున్నారు, ఫొటోలు ప్రపంచమంతా చూసింది. అయిదు రోజులకు, మే 18న, అక్కడికి దగ్గర్లోనే గుల్జార్ హౌజ్ దగ్గర పాత ఇంట్లో నిప్పంటుకుని 17 మంది చనిపోయారు. ఆ ప్రమాదానికీ గాజుల భట్టీలకూ సంబంధం లేదు. కానీ ఇరుకు సందులు, పాత వైరింగు, ఒక్కటే ద్వారం ఉన్న ఇళ్లు అందరికీ ఒకటే. కాబట్టి భద్రత ప్రశ్నను వారసత్వం పేరు చెప్పి దాటేయడం కుదరదు. అలాగని అధికారులకు మొదట తోచే పరిష్కారం, భట్టీలను ఊరి బయటి పారిశ్రామిక వాడకు తరలించడం, లాడ్ బజార్ లెక్కను మొదటికే చెరిపేస్తుంది. నిప్పు పది కిలోమీటర్ల దూరం పోతే కొలత సర్దేవాడు ఉండడు. అప్పుడు లక్క గాజు ధర ఎక్కువున్న మరో ఫ్యాక్టరీ గాజు, అంతే. నడిచిపోయే దూరంలో, గాలి బయటికి పోయే ఏర్పాటుతో, నాలుగైదు భట్టీలు కలిసి వాడుకునే షెడ్లు కట్టడం కష్టమైన పనేమీ కాదు. పాతబస్తీలో ఖాళీ జాగా ధర మాత్రం ఆ మాట ఎత్తనివ్వదు.

నిబంధనలు ఒక పనిని ఎలా మార్చేస్తాయో వరక్ చూస్తే తెలుస్తుంది. వెండి ముక్కలను తోలు పొరల మధ్య పెట్టి గంటల తరబడి సుత్తితో కొట్టి, ఊదితే ఎగిరిపోయేంత పల్చటి రేకు చేయడం చార్మినార్ చుట్టుపక్కల పాత పని. మిఠాయి మీదా, పాన్ మీదా అంటించేది అదే. 2016లో ఆహార భద్రత ప్రాధికార సంస్థ జంతు సంబంధ పదార్థాలు వాడి వరక్ చేయకూడదని నిబంధన తెచ్చింది. శాకాహారుల వైపు నుంచి చూస్తే అది న్యాయమే. కాగితం పొరలతో, యంత్రాలతో చేసే వరక్ ఆ చోటు తీసుకుంది. సుత్తి పట్టినవాళ్లకు వేరే పొర వాడటం నేర్పే ఏర్పాటు కూడా నిబంధనతోపాటే రావలసింది.

ఇక కాగితాల సంగతి. 2023 సెప్టెంబరు 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. 13,000 కోట్ల రూపాయల కేటాయింపు, శిక్షణ రోజుల్లో 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000, అయిదు శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల దాకా రుణం. లెక్కలు బాగానే ఉన్నాయి. కానీ పథకం 18 వృత్తులను పేరుపేరునా చెప్పింది. వడ్రంగి, కంసాలి, కుమ్మరి, మంగలి, చాకలి, దర్జీ ఉన్నారు. గాజులవాళ్లు, కళాయివాళ్లు లేరు. పల్లె వృత్తుల పాత జాబితాను ముందు పెట్టుకుని రాసినట్టుంది గానీ, నగరం పుట్టించిన పనులను సందుల్లో తిరిగి చూసి రాసినట్టు లేదు.

హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ఇచ్చే పహచాన్ గుర్తింపు కార్డు మరో దారి. మేళాల్లో స్టాలుకైనా, శిక్షణకైనా, కేంద్రం హస్తకళల పథకాల్లో దేనికైనా అదే తలుపు. లక్క గాజుల పనిలో ఆ కార్డు ఎవరి చేతికి చేరుతుందన్నది చూడాల్సిన విషయం. భట్టీ నడిపేవాడికి కొట్టు ఉంది, బిల్లు బుక్కు ఉంది, దరఖాస్తు నింపే కొడుకు ఉన్నాడు. ఇంట్లో కూర్చుని రాళ్లు పొదిగే ఆమెకు ఇవేవీ లేవు. ఆమెను కారీగర్ అని ఇంట్లోవాళ్లే అనరు, ‘ఖాళీ టైములో చేస్తుంది’ అంటారు. ఆమె పేరు మీద కార్డు పుడితే రుణమూ శిక్షణా నేరుగా ఆమె దగ్గరికి వస్తాయి, భౌగోళిక గుర్తింపు వాడుకదారుల నమోదుకు దరఖాస్తు పెట్టుకునేందుకూ ఒక ఆధారం దొరుకుతుంది. లేకపోతే గాజు ధర ఎంత పెరిగినా ఆమె కూలి డజనుకింత అన్న చోటే ఆగుతుంది. కూతురు ఆ లెక్క చూస్తూనే పెరుగుతుంది, మాల్‌లో సేల్స్ గర్ల్ ఉద్యోగం దొరికిన రోజున చిన్న రాళ్ల డబ్బా పక్కన పెట్టేస్తుంది.